ఎడమవైపు తలుపు

"ఆ గుడ్డ తీయొద్దు ఇల్వా."

"తీస్తే ఏమవుతుంది? లోపల ఇంకెవరైనా మిగిలి ఉన్నారా?"

ఇల్వా తండ్రి ఎర్మెతె కార్ల బాడీలు కట్టే రేకు పనివాడు. జీవితమంతా రేకు మీద సుత్తి మోత విని విని ఆయన చెవులు సగం పోయాయి. కానీ కూతురు అన్న ఈ మాట మాత్రం సూటిగా వెళ్ళి తగిలింది.

ఇల్వా ఆసుపత్రి నుంచి, అమ్మ ఉతికిపెట్టిన మొగుడు దూలియో చొక్కాల కోసం పుట్టింటికి వచ్చింది. వచ్చేసరికి పెరట్లో, రేకుల షెడ్డు ముందు, తడి టార్పాలిన్ కప్పుకుని ఆ కారు ఉంది. పొగమంచులో మొదట అదేదో గడ్డిమోపు అనుకుంది. దగ్గరికి వెళ్ళాక వాసన వచ్చింది. కాలిన రంగు వాసన. ఆసుపత్రిలో దూలియో జుట్టులోంచి ఇంకా పోని వాసన.

"బండి రంగోనీది కదా, ఆయనే పంపించాడు," అన్నాడు తండ్రి. "ఇంజను బాగానే ఉందట. కింది చట్రం కూడా నిలబడిందట. మీద బాడీ మళ్ళీ కట్టాలట. వసంతం పందేలకి కావాలట."

"అట, అట, అట! నా మొగుడు కాలిపోయిన బండిని తెచ్చి నా పుట్టింటి పెరట్లో దింపాడా? నువ్వూ తమ్ముడూ దానికి కొత్త బట్టలు కుట్టి పంపాలా?"

"బాడీ కట్టింది నేనే కదమ్మా. ఇంకెవరి దగ్గరికి పంపుతాడు?"

ఇల్వా టార్పాలిన్ అంచు పట్టుకుని ఒక్క లాగు లాగింది.

ముందు భాగంలో అల్యూమినియం కరిగి కారి, ముద్దలు ముద్దలుగా గడ్డకట్టి ఉంది. వెనక అద్దం లేదు. కొండదారి పందెంలో కారు రాతిగోడని గుద్దుకుని అంటుకున్నప్పుడు, పక్క తోటలోని రైతులు ఆ అద్దం పగలగొట్టి దూలియోని బయటికి లాగారు. ఎడమ తలుపు తెరుచుకోలేదు, కుడి తలుపుకి గోడ అడ్డం. వాళ్ళు వచ్చేదాకా అతను మండుతున్న తలుపుని రెండు అరచేతులతో లోపలినుంచి తోస్తూనే ఉన్నాడట.

ఆ తలుపుని తర్వాత రంగోనీ మెకానిక్కులు కోసి తీసి, సీటు మీద పడేశారు.

ఇల్వా దాన్ని తిప్పి చూసింది. ఆమె పెరిగింది ఈ షెడ్డులోనే. చిన్నప్పుడు రేకుల మీద సబ్బు రాసేది తనే. మంట చూపించినప్పుడు సబ్బు నల్లబడితే రేకు మెత్తబడిందని గుర్తు. అప్పుడు నాన్న దాన్ని ఇసుక సంచి మీద వేసి, చెక్క సుత్తితో కొట్టి కొట్టి వంపు తీసుకొచ్చేవాడు. తలుపంటే పైకి మెరిసే రేకు ఒక్కటే కాదని ఆమెకి తెలుసు. లోపల ఇంకో రేకు ఉంటుంది. రెంటినీ అంచుల్లో కలిపి మడుస్తారు. గుద్దుకున్నా తలుపు నలిగి ఇరుక్కోకుండా మధ్యలో అడ్డంగా గట్టి పట్టీ ఒకటి ఉంటుంది.

ఆమె అటువైపు వెళ్ళి కుడి తలుపు తెరిచింది. చప్పుడు లేకుండా తెరుచుకుంది. లోపలికి చెయ్యి పోనిచ్చి తడిమింది.

"దీనికి పట్టీ ఉంది. దానికి లేదు."

షెడ్డు గుమ్మంలో నిలబడిన తమ్ముడు లీవియో చేతిలోని పటకారు కింద పెట్టేశాడు.

"నాన్నా, నిన్నే. పట్టీ ఏది?"

"పెట్టలేదు."

"నువ్వా? పెట్టలేదా?"

"పని తొందరలో... మర్చిపోయాననుకో."

"నా పెళ్ళిరోజు నా గౌనుకి ఒక గుండీ వదులుగా ఉందని చర్చి మెట్లదాకా అమ్మ ప్రాణం తీశావు. నువ్వు మర్చిపోయావా?"

ఎర్మెతె తల దించుకుని తన చేతులవైపు చూసుకున్నాడు. మందంగా, గోళ్ళు చితికిపోయి, కదలకుండా ఉన్నాయవి.

"అయితే దూలియో చేతులు నువ్వే కాల్చావు," అంది ఇల్వా.

"అవును," అన్నాడు ఎర్మెతె.

వంటింటి కిటికీ దగ్గర నిలబడి అంతా వింటున్న తల్లి జెలిందా కిటికీ మూసేసింది.

* * *

మధ్యాహ్నం జెలిందా నాలుగు గిన్నెల్లో కోడి రసం పోసి, అందులో మాంసం పెట్టి మడిచిన తోర్తెల్లీని పిండి బిళ్ళలు వడ్డించింది.

"తినండి. చల్లారితే జిడ్డు కడుతుంది."

"నేనిక్కడ తినను," అంది ఇల్వా.

"మరి కూర్చున్నావేం?"

"చొక్కాలు ఇస్త్రీ అయ్యేదాకా."

"ఇస్త్రీ చేసేది నేను. నువ్వు తింటూ కూర్చుంటే నా పెట్టె ఏమైనా చల్లారుతుందా? వీడికేమైంది? వీడి మొహం చూడు, ఒలిచి పెట్టిన ఉల్లిపాయలా ఉంది. ఒరేయ్ లీవియో, నిన్నే."

లీవియో చెంచా ముట్టుకోలేదు. ఎర్మెతె మాత్రం తింటున్నాడు. నోట్లో ఏముందో తెలియనివాడిలా నములుతున్నాడు.

గేటు దగ్గర కారు ఆగిన చప్పుడైంది. ఆ ఇంట్లో ఏ కారు చప్పుడు ఎవరిదో అందరికీ తెలుసు. ఎవరూ లేవలేదు.

రంగోనీ టోపీ చేత్తో పట్టుకుని లోపలికి వచ్చాడు. ఖరీదైన కోటు, మంచి మాట, అన్నిటికీ తొందర. జెలిందా గ్లాసులో వైన్ పోసి ముందు పెట్టింది. అతను దాన్ని ముట్టుకోలేదు.

"ఎర్మెతే, పని ఎప్పుడు మొదలుపెడతావు?"

"మొదలుపెట్టను. బండి తీసుకుపొండి."

"అదేంటి?"

"మా అమ్మాయి దాన్ని చూడలేకపోతోంది."

రంగోనీ ఇల్వావైపు చూసి గొంతు తగ్గించాడు. "చూడమ్మా, నీ బాధ నాకు తెలుసు. నేను ఈ బండిని వేరే ఎవరికైనా ఇవ్వచ్చు. కానీ ఇస్తే వాళ్ళు అడుగుతారు కదా, ఎర్మెతె దగ్గరనుంచి ఎందుకు తెచ్చారని. నేనేం చెప్పను? మీ నాన్న పరువు కాపాడటానికే ఇక్కడికి పంపాను."

"మా ఆయన పరువుకి ఏమొచ్చింది?" అంది జెలిందా. చేతిలో ఇస్త్రీపెట్టె అలాగే ఉంది.

"నిన్న ఆసుపత్రికి వెళ్ళాను. మీ అల్లుడే అన్నాడు. 'మామ చేసిన డోరు ఇరుక్కుపోయింది. పెద్దవాడైపోయాడు, ఏదో మర్చిపోయి ఉంటాడు. ఆయన్నేమీ అనకండి' అన్నాడు. ఆ స్థితిలో కూడా అంత మాట అన్నాడంటే..."

లీవియో లేచాడు. కుర్చీ వెనక్కి పడింది.

"బావ అన్నాడా ఆ మాట?"

"కూర్చో," అన్నాడు ఎర్మెతె.

"బావ నోటితో అన్నాడా?"

"కూర్చోమన్నానా లేదా!"

"కూర్చోను నాన్నా. చాలు. ఇన్నాళ్ళూ కూర్చున్నాను." లీవియో రంగోనీని కాదు, అక్కని చూస్తూ చెప్పాడు. "పట్టీ నాన్న పెట్టాడు. రెండువైపులా పెట్టాడు. తీసింది నేను. పందెం ముందురోజు నాన్న బొలోన్యాకి రేకులు తేవడానికి వెళ్ళినప్పుడు బావ వచ్చాడు. ఎంత వీలైతే అంత బరువు తగ్గించమన్నాడు. 'లేకపోతే నా సీటు ఆ కొత్తవాడికి ఇచ్చేస్తారురా' అన్నాడు. ఏడ్చినంత పని చేశాడక్కా. నేను రివెట్లు తొలిచి పట్టీ లాగేశాను. కుడివైపుది కూడా తీయమన్నాడు. అప్పటికే బండిని తీసుకెళ్ళే లారీ వచ్చేసింది."

ఇస్త్రీపెట్టె కింద చొక్కా మాడుతున్న వాసన వచ్చింది. జెలిందా ఉలిక్కిపడి పెట్టె ఎత్తింది.

"వాడి మాటలు నమ్మకండి," అన్నాడు ఎర్మెతె. "నామీద మాట పడుతుంటే చూడలేక..."

"నీకు తెలుసా?" అంది జెలిందా మొగుడితో. "నావైపు చూడు. తెలుసు కదూ?"

ఆయన తల ఊపాడు. "పందెం అయిన మర్నాడు వెళ్ళి బండిని చూసినప్పుడు తెలిసింది. ఆ రివెట్ల చిల్లులు గుద్దుకుని తెగినవి కావు. తొలిచినవి."

రంగోనీ టోపీ పెట్టుకున్నాడు. అతని మొహంలో కోపం లేదు, చిరాకు ఉంది.

"ఇంటి గొడవలు నాకొద్దు ఎర్మెతే. మీ అల్లుడిది ఒక మాట, మీ అబ్బాయిది ఒక మాట. శనివారం అతన్ని ఇంటికి పంపుతున్నారట. ఆ రోజు వస్తాను. చేస్తావో చేయవో అప్పుడు చెప్పు."

అతను వెళ్ళాక ఇల్వా లేచింది. తను తినని గిన్నెలోని రసాన్ని మూతగిన్నెలోకి ఒంపుకుంది. మాడని చొక్కాలు రెండు తీసి సంచీలో పెట్టుకుంది.

"ఎక్కడికే?" అంది తల్లి.

"ఆసుపత్రికి. ఆయనకి ఆకలేస్తుంటుంది."

* * *

దూలియో కిటికీ పక్క మంచంలో దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. రెండు చేతులూ మోచేతులదాకా తెల్లగా చుట్టి ఉన్నాయి, ఒళ్ళో ఎవరివో వస్తువులు పెట్టుకున్నట్టు.

"అమ్మ చేసిందా? వాసన గేటు దగ్గరనుంచే తెలిసింది. ఇక్కడి సిస్టర్లు పెట్టే జావ తాగితే దేవుడి మీద కూడా విసుగొస్తుందనుకో."

ఇల్వా నవ్వలేదు. చెంచాతో రసం తీసి ఊది, నోటికి అందించింది.

"ఏంటలా ఉన్నావు?"

"బండిని మా ఇంటికి తెచ్చారు."

దూలియో మింగడం ఆపాడు. "చూశావా?"

"చూశాను." ఇంకో చెంచా పట్టింది. "డోరు లోపల పట్టీ ఉందా?"

"ఏ పట్టీ?"

"అడ్డపట్టీ."

"నాకేం తెలుసు ఇల్వా? నేను బండి నడిపేవాణ్ణి. రేకు పని మీ నాన్నది. ఆయన్ని అడుగు."

"అడిగాను. మర్చిపోయానన్నాడు."

దూలియో కళ్ళు మూసుకున్నాడు. అతని మొహంలో ఏదో సడలింది. బరువు దిగినవాడి మొహం అది. ఇల్వా ఇన్నాళ్ళ కాపురంలో ఆ మొహాన్ని ఎప్పుడూ అంత దగ్గరనుంచి చూడలేదు. చెంచా గిన్నెలో పెట్టేసింది.

"నీకోసం అబద్ధం ఆడాడు మా నాన్న. లీవియో అంతా చెప్పేశాడు."

పక్క మంచంలోని ముసలాయన దగ్గాడు. సిస్టర్ ఎవరో నడవాలో మందుల బండి తోసుకుంటూ పోయింది. ఆ చప్పుడు నెమ్మదిగా దూరమైంది.

"వేళ్ళు ఇక వంగవని డాక్టర్ చెప్పిన రోజు," అన్నాడు దూలియో, "నువ్వు ఇక్కడే కూర్చుని ఏడ్చావు. 'ఎవరు చేశారు నీకిది?' అన్నావు. గుర్తుందా? ఎవరు చేశారు అన్నావు. నేనే చేసుకున్నానని ఎలా చెప్పను? ఆ మాటంటే నువ్వు లేచి వెళ్ళిపోతావనుకున్నాను."

"అందుకని మా నాన్న మీదికి తోశావా?"

"పెద్దాయన కదా. ఎవరూ ఏమీ అనరనుకున్నాను."

"నేనన్నాను. నా నోటితో నేనే అన్నాను, ఆయన చేతులు చూస్తూ."

"ఇల్వా..."

"రంగోనీ శనివారం మా ఇంటికి వస్తాడు. నువ్వు ఆయనకి చెప్పాలి."

"చెప్తే ఇక నన్ను ఏ బండి దగ్గరికీ రానివ్వరు! పందెం బండి మీద దొంగచాటుగా చెయ్యి వేశానంటే... కనీసం టైర్ల దగ్గర నిలబడే పని కూడా ఇవ్వరు."

ఇల్వా గుడ్డతో అతని గడ్డం తుడిచింది. తర్వాత మూతగిన్నె మూసింది.

"శనివారం నిన్ను తీసుకెళ్ళడానికి నేను రావడం లేదు," అంది. "చెప్పగలిగితే మా ఇంటికి రా. చెప్పలేకపోతే మీ అక్క ఇంటికి వెళ్ళు. ఆవిడ నిన్ను బాగానే చూసుకుంటుంది."

"ఇవ్వాళ రసం పూర్తిగా తాగించలేదు నువ్వు," అన్నాడు దూలియో, చిన్నపిల్లాడిలా.

అప్పటికే ఆమె గుమ్మం దాటింది.

* * *

సాయంత్రం షెడ్డులో దీపం వెలుగుతోంది కానీ సుత్తి చప్పుడు లేదు. ఎర్మెతె బల్ల దగ్గర నిలబడి, రేకు ముక్క ఒకదాన్ని వేళ్ళతో వంచి చూస్తున్నాడు.

ఇల్వా ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చుంది.

"ఎందుకలా చెప్పావు నాన్నా?"

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకోబోయాడు.

"వినపడిందని నాకు తెలుసు."

ఎర్మెతె చెయ్యి దించాడు. రేకు పక్కన పెట్టాడు. మాటలు ఆయనకి ఎప్పుడూ అంత తేలిగ్గా దొరకవు.

"వాడికి రోజూ కట్టు మార్చాలట కదా. నెలల తరబడి. మార్చేది నువ్వే. వాడి మీద కోపంతో ఆ చర్మం మీద చెయ్యి ఎలా వేస్తావు? నా మీద కోపమైతే ఫరవాలేదు. నాకు కట్టు కట్టక్కర్లేదు కదా."

ఇల్వా తండ్రి దగ్గరికి వెళ్ళి ఆయన భుజం మీద నుదురు ఆనించింది. ఆయన చొక్కాకి సబ్బు వాసన, మసి వాసన. చాలాసేపు అలాగే ఉంది. ఆయన కదలలేదు. కదిలితే వెళ్ళిపోతుందేమోనన్నట్టు ఊపిరి కూడా జాగ్రత్తగా తీసుకున్నాడు.

"పొద్దున నేనన్న మాట..."

"వినపడలేదు," అన్నాడు ఎర్మెతె.

ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఏం చేస్తున్నావు ఆ రేకుతో? బండి చేయనన్నావు కదా."

"చేయను. ఊరికే చూస్తున్నా. నేను చేయకపోతే ఇంకెవడో చేస్తాడు. వాడు పట్టీ పెడతాడో పెట్టడో. పెట్టినా ఇంకో డ్రైవర్ వచ్చి తీయించేస్తాడు." ఆయన రేకు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "విడిగా పట్టీ పెట్టకుండా, లోపలి రేకునే ఇలా గట్టులా వంచితే? ఈ చివరనుంచి ఆ చివరికి ఒక్కటే రేకు. తీయాలంటే డోరే తీసేయాలి. మూలల్లో పగులుతుందేమో. రెండుమూడుసార్లు మంట చూపించి మెత్తబరిస్తే నిలబడొచ్చు."

ఇల్వా ఆ రేకు ముక్కని చూసింది. బయట పెరట్లో ఉన్నదాన్ని చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తూ చూసింది.

"చెయ్యి," అంది. "ఎవరో ఒకరు ఆ సీట్లో కూర్చుంటారు కదా. వాడికీ ఇంట్లో ఒకరుంటారు. కానీ నేను ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం సుత్తి ఎత్తకు. వినలేను."

* * *

శనివారం మధ్యాహ్నం రంగోనీ కారు గేటు ముందు ఆగింది. ముందు సీట్లో, పక్కన, దూలియో ఉన్నాడు.

ఎర్మెతె, లీవియో షెడ్డు దగ్గర నిలబడ్డారు. జెలిందా గుమ్మంలోకి వచ్చి కొంగలా మెడ సాచి చూసింది. రంగోనీ దిగి చుట్టూ తిరిగి వస్తున్నాడు, అటువైపు తలుపు తీయడానికి. చేతులకి కట్లున్నవాడు తలుపు తీసుకోలేడు కదా.

"ఉండండి, నేను తీస్తాను," అంది ఇల్వా.

ఆమె వచ్చి తలుపు పిడి మీద చెయ్యి వేసింది. తీయలేదు. అద్దం సగం దించి ఉంది.

"నాన్న ఇక్కడే ఉన్నాడు. రంగోనీ గారూ ఉన్నారు," అంది.

దూలియో ఆమెని చూశాడు. ఒళ్ళోని చేతులని చూసుకున్నాడు. పెదాలు తడుపుకున్నాడు. రంగోనీ అసహనంగా గడియారం చూసుకున్నాడు.

"పట్టీ తీయించింది నేను," అన్నాడు దూలియో.

"మా నాన్నకి దూరం ఎక్కువ. వినపడదు."

"మామా!" గట్టిగా అరిచాడు. "పట్టీ తీయించింది నేను! నువ్వు సరిగ్గానే చేశావు. లీవియో వద్దన్నా వినకుండా నేనే తీయించాను. తర్వాత నీ మీద చెప్పాను. నా నోటితో నేనే చెప్పాను."

రంగోనీ నెమ్మదిగా టోపీ తీశాడు. ఎందుకు తీశాడో అతనికే తెలియనట్టుంది.

ఎర్మెతె పెరడు దాటి వచ్చాడు. కూతురి చెయ్యి పక్కకి జరిపి, తనే తలుపు తెరిచాడు. అల్లుడి చంకల కింద చేతులు పోనిచ్చి లేపాడు.

"తల జాగ్రత్త," అన్నాడు. అంతే అన్నాడు.

లీవియో పరుగెత్తుకొచ్చి రెండోవైపు పట్టుకున్నాడు. ముగ్గురూ ఇంటివైపు నడిచారు.

"మరి నా బండి?" అన్నాడు రంగోనీ వెనకనుంచి.

"చేస్తాను," అన్నాడు ఎర్మెతె తిరగకుండానే. "ఎవడూ తీయలేనట్టు చేస్తాను. రెండువైపులా."

"బరువు?"

"బరువు మీ కొత్త డ్రైవర్‌ని తగ్గించుకోమనండి."

వంటింట్లో జెలిందా అల్లుడికి కుర్చీ వేసింది, వీపు వెనక దిండు పెట్టింది. చెప్పులు విప్పి అతని కాళ్ళని పొయ్యి దగ్గరికి జరిపింది. తిట్టాలని పొద్దుటినుంచి కూడబెట్టుకున్న మాటలన్నీ ఎటుపోయాయో ఆమెకి తెలియలేదు. దూలియో ఏడుస్తున్నాడు. కట్లున్న చేతులతో కళ్ళు తుడుచుకోలేడు. లీవియో తన జేబురుమాలుతో తుడిచాడు.

"ఇల్వా ఏదీ?" అన్నాడు దూలియో.

పైన మంచం జరుపుతున్న చప్పుడైంది.

కాసేపటికి ఇల్వా మెట్లు దిగి వచ్చింది, చేతుల్లో పరుపు, ఉతికిన దుప్పటి. పొయ్యి పక్క చిన్నగదిలో అతనికి పక్క వేసింది. దుప్పటి మడతలు లేకుండా సరిచేసింది. చేతులు ఆనించుకోవడానికి రెండువైపులా రెండు దిండ్లు పెట్టింది. మంచినీళ్ళ గ్లాసు, అతను నోటితో అందుకోగలిగేంత ఎత్తులో పీట మీద ఉంచింది.

తర్వాత పైకి వెళ్ళి, తన గదిలోంచి తన దిండు ఒకటి తీసుకుని, తల్లి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.